ఆ ఊరి బావులకు ముప్పైతే మా నదికి కాదా?

గత సంచికలో అమెరికా చమురు పైపులైన్లపై వచ్చిన వ్యాసం చదివి చాలామంది పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో తాగునీటికి సంబంధించిన ప్రశ్నలను ఏరి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: అమెరికా ఆదివాసులైన స్టాండింగ్ రాక్ తెగవారు గడ్డకట్టే చలిలో గుడారాలు వేసుకుని నెలల తరబడి డకోటా యాక్సెస్ పైపులైనును అడ్డుకున్నారని రాశారు. పైపు జలాశయం అడుగుకు తొంభై అడుగుల కింద ఉందని కంపెనీ చెబుతోంది. అంత లోతున ఉన్న పైపు వల్ల నీళ్ళకు వచ్చే భయమేమిటి? ఇది అభివృద్ధికి అడ్డుపడటం కాదా?
— విశ్రాంత ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: లోతు విషయంలో కంపెనీ చెప్పింది నిజమే. ఉత్తర డకోటాలోని బాకెన్ చమురు క్షేత్రాల నుంచి ఇల్లినాయ్ రాష్ట్రంలోని పటోకా వరకు 1,172 మైళ్ళు, అంటే దాదాపు 1,886 కిలోమీటర్లు సాగే ఈ 30 అంగుళాల పైపును, మిస్సోరీ నది మీది ఓహే జలాశయం దగ్గర నేలలో అడ్డంగా తొలిచి, అడుగు మట్టానికి చాలా కిందుగా లాగారు. అయితే స్టాండింగ్ రాక్ వాసుల అభ్యంతరం లోతు గురించి మొదలైనది కాదు. పైపు ఎక్కడి నుంచి వెళ్ళాలన్నది ఎవరు నిర్ణయించారు, ఎవరిని అడిగి నిర్ణయించారు అన్నదే వారి మొదటి ప్రశ్న.

తొలి దశలో పరిశీలించిన మార్గాలలో ఒకటి రాష్ట్ర రాజధాని బిస్మార్క్‌కు ఎగువన నదిని దాటేది. దానిని వదులుకోవడానికి దూరం పెరగడం, ఎక్కువ చోట్ల రోడ్లనూ చిత్తడి నేలలనూ దాటవలసి రావడం వంటి కారణాలు చెప్పారు. వాటితో పాటు, ఆ మార్గం నగరానికి నీరిచ్చే బావుల రక్షణ పరిధికి దగ్గరగా ఉందన్న కారణాన్ని కూడా అధికార పత్రాలలో నమోదు చేశారు. చివరకు ఖరారైన దారి, తెగకు ఒప్పందాల ద్వారా మిగిలిన నేల సరిహద్దుకు సుమారు అర మైలు ఎగువన నదిని దాటింది. తెగ తాగునీటికీ సాగునీటికీ ఆధారం ఆ జలాశయమే. రాజధాని బావులకు ముప్పు అనుకున్నది మా నదికి ఎందుకు కాలేదని వారు అడిగితే, ఆ ప్రశ్నలో తర్కం లేదని ఎవరూ అనలేరు.

దీని వెనుక మరో కథ ఉంది, మన ముంపు గ్రామాల వారికి అది బాగా అర్థమవుతుంది. 1944 నాటి చట్టం కింద మిస్సోరీ మీద కట్టిన ఆనకట్టల్లో ఓహే ఒకటి. దాని కింద స్టాండింగ్ రాక్ తెగ సుమారు 56,000 ఎకరాలు కోల్పోయింది. మునిగినది ఏదో బీడు కాదు. నది ఒడ్డున ఇళ్ళు, వంటచెరకునిచ్చే చెట్లు, పశువులకు చలికాలంలో గాలి తగలకుండా కాపాడే లోయలు. ఆనకట్ట వచ్చాక జలాశయం, దాని ఒడ్డు సైనిక ఇంజనీర్ల విభాగమైన ఆర్మీ కోర్ చేతిలోకి వెళ్ళాయి. కాబట్టి అరవై ఏళ్ళ తరువాత పైపు వచ్చినప్పుడు అక్కడ అనుమతి ఇవ్వవలసినది ఆ విభాగమే తప్ప తెగ కాదు. ఒకప్పుడు వారి భూమిని ముంచిన ఆనకట్టే ఇప్పుడు వారి మాటకు చట్టంలో చోటు లేకుండా చేసింది. ఇది గమనించకపోతే 2016లో అక్కడ వేలమంది ఎందుకు గుమికూడారో అర్థం కాదు.

తరువాత జరిగినది క్లుప్తంగా చెబుతాను. 2016 ఏప్రిల్‌లో మొదటి శిబిరం వెలిసింది. జులైలో తెగ కోర్టుకెక్కింది. సెప్టెంబరు 3న ప్రైవేటు కాపలాదారులు నిరసనకారుల మీదికి కుక్కలను ఉసిగొల్పారు. నవంబరు 20 రాత్రి, ఉష్ణోగ్రత సున్నాకు దిగువన ఉండగా, పోలీసులు జనం మీద గొట్టాలతో నీళ్ళు చిమ్మారు. తాగే నీటి కోసం నిలబడ్డవారిని నీటితోనే కొట్టారన్న మాట ఆ రోజుల్లో చాలామంది నోట వినిపించింది. డిసెంబరు 4న ఆర్మీ కోర్ అనుమతి నిరాకరించింది. జనవరిలో అధికారంలోకి వచ్చిన ట్రంప్ ప్రభుత్వం ఆ నిర్ణయాన్ని తిరగదోడగా, ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది, 2017 జూన్ 1 నుంచి చమురు వాణిజ్యపరంగా ప్రవహించడం మొదలైంది. అంతటితో కథ అయిపోలేదు. 2020 మార్చిలో ఫెడరల్ న్యాయమూర్తి జేమ్స్ బోస్‌బర్గ్ పూర్తిస్థాయి పర్యావరణ ప్రభావ అధ్యయనం చేయవలసిందేనని ఆదేశించారు. జులైలో పైపును ఖాళీ చేయమన్నారు. ఖాళీ చేయాలన్న ఆదేశం పైకోర్టులో నిలవలేదు గానీ, అధ్యయనం చేయవలసిందేనన్నదీ, జలాశయం కింది దారి హక్కు చెల్లదన్నదీ 2021 జనవరిలో అప్పీలు కోర్టు ఖరారు చేసింది. ఆ తీర్పుతో ఒక వింత పరిస్థితి ఏర్పడింది: పైపుకు అక్కడ ఉండే హక్కు లేదు, పైపులో చమురు మాత్రం ఆగలేదు.

అభివృద్ధికి అడ్డు అన్న మీ సందేహానికి వస్తే, శిబిరాలకు వచ్చినవారిలో భూగర్భ చమురునే పూర్తిగా మానేయాలని కోరినవారు ఉన్న మాట నిజం. కానీ తెగ కోర్టులో అడిగినది అంతకంటే చిన్న కోరిక. చమురు ఒలికితే ఏమవుతుందో ముందు పూర్తిగా లెక్క తేల్చి, ఆ లెక్క మాకు చూపించి, తరువాత నిర్ణయించండి అన్నారు. దేశంలో ఏ నగరపాలక సంస్థ అయినా తన నీటి వనరు విషయంలో అడిగేది ఇదే.

ప్రశ్న: ఆధునిక పైపులైన్లలో పీడనాన్ని క్షణక్షణం కొలిచే సెన్సర్లు, దూరం నుంచే మూసే వాల్వులు ఉంటాయి. లీకైన నిమిషాల్లో తెలిసిపోతుంది కదా? పైగా రైళ్ళలో, ట్యాంకర్లలో పంపడం కంటే పైపే సురక్షితం అని మా పుస్తకాల్లో ఉంది.
— ఇంజనీరింగ్ విద్యార్థి, వరంగల్

జవాబు: మీ రెండో మాటతో మొదలుపెడతాను. రైళ్ళలో పంపడం ఎంత ప్రమాదమో 2013 జులైలో కెనడాలోని లాక్ మెగాంటిక్ పట్టణం చూసింది. బాకెన్ చమురుతో నిండిన రైలు పట్టాలు తప్పి మండిపోయి 47 మంది మరణించారు. మనుషుల ప్రాణాల లెక్కలో పైపు మెరుగే. నీటి లెక్క వేరు. రైలు ఒలికించేది దానిలో ఉన్న వ్యాగన్ల మేరకే. పైపు మాత్రం ఎవరో ఒకరు గుర్తించి ఆపేదాకా ఒలికిస్తూనే ఉంటుంది.

ఎవరు గుర్తిస్తారు, ఎప్పుడు గుర్తిస్తారు అన్నదానికి మిషిగన్ రాష్ట్రంలోని మార్షల్ ఉదంతాన్ని మీ తరగతి గదిలో తప్పక చర్చించండి. 2010 జులై 25 సాయంత్రం ఎన్‌బ్రిడ్జ్ సంస్థకు చెందిన 6బి లైను ఆరడుగులకు పైగా చీలింది. ఆ సమయానికి ముందే అనుకున్న ప్రకారం పంపులు ఆపుతున్నారు, కాబట్టి పీడనం పడిపోవడం కంట్రోలు గదిలోని వారికి వింతగా అనిపించలేదు. అలారాలు మోగాయి. పైపులో ద్రవం మధ్య ఖాళీ ఏర్పడినప్పుడు కూడా అటువంటి అలారాలే వస్తాయి గనుక, ఇదీ అదే అనుకుని, ఖాళీ నింపడానికి రెండుసార్లు పంపులు తిరిగి నడిపారు. అంటే చీలిన పైపులోకి మరింత చమురు తోశారు. పదిహేడు గంటలకు పైగా గడిచాక, బయట వాసన పసిగట్టిన స్థానిక గ్యాసు సంస్థ ఉద్యోగి ఒకరు ఫోను చేస్తే అప్పుడు తెలిసింది. అప్పటికి 8 లక్షల గాలన్లకు పైగా చమురు టాల్‌మాడ్జ్ వాగు గుండా కలమజూ నదిలో చేరింది. సెన్సర్లు పని చేయకపోవడం కాదు అక్కడ జరిగింది. అవి చెప్పిన దానికి మనుషులు తమకు అలవాటైన అర్థం చెప్పుకున్నారు. ఆ చమురు కెనడా తారు ఇసుక నుంచి తీసినది. అది పైపులో పారడానికి కలిపే పలుచని ద్రావకం గాలిలో ఆవిరై పోగా, మిగిలిన చిక్కటి భాగం నీటి అడుగుకు చేరింది. తేలే చమురును నీటి మీద అడ్డుకట్టలు పెట్టి ఆపవచ్చు. మునిగిన దానికి నది అడుగు తవ్వవలసి వచ్చింది. శుభ్రం చేయడానికి సంవత్సరాలు, వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు పట్టాయి.

ఇక సెన్సర్లకు అసలే అందని లీకులు ఉంటాయి. డకోటా యాక్సెస్ వ్యాజ్యంలో తేలినదేమిటంటే, మొత్తం ప్రవాహంలో ఒక శాతం కంటే తక్కువ లీకును పసిగట్టేలా ఆ వ్యవస్థను రూపొందించలేదు. ఒక శాతం అంటే చిన్నదిగా వినిపిస్తుంది. వ్యాజ్యం నాటి లెక్కన రోజుకు 5,70,000 పీపాలు పారే పైపులో అది 5,700 పీపాలు; పీపాకు 159 లీటర్ల చొప్పున రోజుకు తొమ్మిది లక్షల లీటర్లు. నది కింద, మంచు కింద అటువంటి లీకు ఎన్నాళ్ళు దాగగలదో మీరే అంచనా వేసుకోవచ్చు.

మంచు మాట ఎందుకు ఎత్తానంటే, మోంటానా రాష్ట్రంలో సుమారు ఆరువేల మంది నీరు తాగే గ్లెన్‌డైవ్ అనే చిన్న పట్టణానికి 2015 జనవరిలో అదే అనుభవమైంది. ఊరికి కొద్ది మైళ్ళ ఎగువన, యెల్లోస్టోన్ నది కింది పైపు పగిలి సుమారు 30,000 గాలన్ల చమురు ఒలికింది. నది పైభాగం గడ్డకట్టి ఉండటంతో చమురు మంచు పలక కిందుగా జారింది, దానిని తోడేందుకు దారి లేకపోయింది. నీరు తోడుకునే చోటు నది పైమట్టానికి పధ్నాలుగు అడుగుల కింద ఉంది కాబట్టి, తేలే చమురు అక్కడికి రాదని మొదట అధికారులు భావించారు. కుళాయి తిప్పిన వారికి డీజిల్ వాసన వచ్చింది. పరీక్షిస్తే, క్యాన్సర్ కారకమైన బెంజీన్ అనుమతించిన మోతాదును మించి ఉన్నట్లు తేలింది. కొన్ని రోజుల పాటు ఊరందరూ సీసా నీళ్ళ మీద బతికారు. నాలుగేళ్ళ ముందు చేసిన సర్వేలో నది అడుగుకు కనీసం ఎనిమిది అడుగుల కింద ఉన్న ఆ పైపు, ప్రమాదం తరువాత చూస్తే కొంత మేర నది అడుగున బయటపడి కనిపించింది. నది ఇసుకను కోస్తుంది, మోస్తుంది. కాగితం మీది లోతు నది కింద కూడా అలాగే నిలిచి ఉంటుందని నమ్మడానికి లేదు. నిజానికి, కోత సంగతి గోదావరి లంకల రైతుకు ఇంజనీరు కంటే బాగా తెలుసు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. ఓహే దగ్గర పైపు ఎనిమిది అడుగుల లోతున కాదు, తొంభై అడుగులకు పైగా లోతున ఉంది కాబట్టి నది కోతకు అది బయటపడే అవకాశం లేనట్టే. అయితే అంత లోతున పగిలితే దానిని చేరుకుని బాగుచేయడం కూడా అంతే కష్టం.

ప్రశ్న: ఇన్ని పోరాటాలు చేసి ఎక్కడైనా గెలిచారా? లేక అన్నిచోట్లా చివరకు కంపెనీ మాటే చెల్లిందా?
— గృహిణి, నిజామాబాదు

జవాబు: గెలిచారు. కీస్టోన్ ఎక్స్‌ఎల్ పైపులైను గురించి మీరు విని ఉంటారు. నెబ్రాస్కా పశుపోషకులు, స్థానిక తెగలవారు కలిసి ఓగలాలా భూగర్భ జలాల కోసం పుష్కరకాలం పోరాడితే, 2021 జనవరిలో అధ్యక్షుడు బైడెన్ దాని అనుమతి రద్దు చేశారు, జూన్‌లో కంపెనీ చేతులెత్తేసింది. అది దేశమంతటా మారుమోగిన సంగతి. నాకు అంతకంటే ఆసక్తికరంగా తోచినది అదే ఏడాది మెంఫిస్ నగరంలో జరిగినది, ఎందుకంటే అక్కడ దేశం చూపు మొదట లేదు.

టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ తన తాగునీరంతా భూమిలోంచే తోడుకుంటుంది. పక్కనే మిసిసిపీ మహానది పారుతున్నా అందులో నుంచి తాగునీరు తీసుకోదు. మెంఫిస్ శాండ్ అనే ఇసుకపొరల్లో వేల ఏళ్ళుగా ఊరిన ఆ నీటి రుచిని అక్కడివారు గొప్పగా చెప్పుకుంటారు. ఇసుకపొర మీద బంకమట్టి పొర ఒకటి మూతలా ఉంటుంది గానీ, ఆ మూతలో అక్కడక్కడ ఖాళీలున్నాయని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతూ వచ్చారు. 49 మైళ్ళ బైహేలియా పైపులైనును ప్లెయిన్స్, వాలెరో అనే రెండు కంపెనీలు ఈ నేల మీదుగా, నగరపు బావుల క్షేత్రాన్ని ఆనుకుని వేయాలని తలపెట్టాయి. దారి మెంఫిస్ నైరుతి భాగంలోని బాక్స్‌టౌన్ గుండా పోతుంది. అంతర్యుద్ధం తరువాత బానిసత్వం నుంచి విముక్తులైన నల్లజాతివారు రైలు పెట్టెల చెక్కలతో ఇళ్ళు కట్టుకున్న చోటు అది, పేరు కూడా అలాగే వచ్చింది. చమురు శుద్ధి కర్మాగారం, విద్యుత్కేంద్రం వంటివన్నీ అప్పటికే ఆ చుట్టుపక్కల ఉన్నాయి.

2020 ఆరంభంలో జరిగిన ఒక సభలో, దారి ఇలా ఎందుకు మలుపు తిరిగిందని అడిగితే, కంపెనీ తరఫున భూమి సేకరించే ప్రతినిధి ఒకరు, ప్రతిఘటన అతి తక్కువగా ఉండే చోటు ఇదేనన్న అర్థం వచ్చేలా మాట్లాడారు. తమ ఉద్దేశం అది కాదని కంపెనీ తరువాత సర్దుకుంది. కానీ అన్న మాట ఊరంతా పాకింది. స్థలం అమ్మనన్న వారి మీద బలవంతపు సేకరణకు కంపెనీ దావా వేసింది. తాతల నాటి ఖాళీ స్థలాలు, ఎకరం రెండెకరాల ముక్కలు అవి. వాటి యజమానులు కొందరు కోర్టులో నిలబడి, ప్రైవేటు కంపెనీ లాభం కోసం మా స్థలం తీసుకునే హక్కు మీకెక్కడిదని ఎదురు ప్రశ్నించారు. జస్టిన్ పియర్సన్ అనే యువకుడు తదితరులు కట్టిన సంఘం ఇంటింటికీ తిరిగింది, సభలు పెట్టింది. నగర పాలక మండలి కదిలింది, మాజీ ఉపాధ్యక్షుడు ఆల్ గోర్ స్వయంగా వచ్చి నిలబడ్డారు. 2021 జులై 2న ప్రాజెక్టు రద్దు చేస్తున్నట్లు కంపెనీ ప్రకటించింది. మహమ్మారి వల్ల చమురు ఉత్పత్తి తగ్గడమే కారణమని చెప్పుకుంది. అందులో కొంత నిజం ఉండవచ్చు కూడా. ఆ పియర్సన్ 2023లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

అక్కడ పని చేసినది నినాదం కంటే నీరు అని నా అభిప్రాయం. బాక్స్‌టౌన్ బాధను పట్టించుకోని సంపన్న వాడలవారు కూడా, ఒకే భూగర్భ జలం తమ కుళాయికీ వస్తుందని తెలిశాక కదిలారు. స్టాండింగ్ రాక్ వారికి ఆ అదృష్టం లేదు. వారి ఎగువన ఉన్న నగరం తాగే నీరు పైపు దాటకముందే తోడుకుంటుంది.

ప్రశ్న: మేము డెట్రాయిట్ శివారులో ఉంటున్నాము. లైన్ 5 గురించి ఇక్కడ ప్రతి ఎన్నికలోనూ గొడవే. మా ఇంటి నీళ్ళకు ప్రమాదం ఉందా?
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ట్రాయ్, మిషిగన్

జవాబు: మీ ప్రాంతానికి నీరు హ్యూరన్ సరస్సు దక్షిణపు కొస నుంచి, డెట్రాయిట్ నది నుంచి వస్తుంది. 1953లో వేసిన ఎన్‌బ్రిడ్జ్ వారి చమురు పైపులైను, ఈ లైన్ 5, సరస్సును దాటేది చాలా ఉత్తరాన, మాకినా జలసంధి దగ్గర. అక్కడ ఒలికితే ముందుగా దెబ్బ తగిలేది జలసంధి చుట్టూ ఉన్న పట్టణాలకు, చేపల మీద బతికే స్థానిక తెగలకు. మీ కుళాయికి వెంటనే కాదు. అలాగని భయానికి ఆధారం లేదని కాదు. 2018 ఏప్రిల్‌లో ఒక పడవ లంగరు ఈడ్చుకుపోతూ ఆ పైపులకు తగిలి సొట్టలు పెట్టింది. 2020 నవంబరులో గవర్నర్ విట్మర్ 1953 నాటి దారి హక్కును రద్దు చేస్తున్నట్లు ప్రకటించినా, కంపెనీ ఒప్పుకోక కోర్టుకెళ్ళింది, చమురు ఆపలేదు. గొడవ ఎన్నికల్లో వినిపిస్తోందంటే కారణం, మిషిగన్ ఇళ్ళను చలికాలంలో వెచ్చబరిచే ప్రొపేన్‌లో కొంత ఆ పైపు నుంచే వస్తుంది.

ప్రశ్న: నిరసనలకు మద్దతిచ్చినందుకు పర్యావరణ సంస్థ గ్రీన్‌పీస్‌కు వందల కోట్ల జరిమానా పడిందట, నిజమేనా?
— న్యాయవాది, హైదరాబాదు

జవాబు: జరిమానా కాదు, నష్టపరిహారం. డకోటా యాక్సెస్ యజమాని ఎనర్జీ ట్రాన్స్‌ఫర్ వేసిన దావాలో 2025 మార్చిలో ఉత్తర డకోటా జ్యూరీ 66 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని తీర్పిచ్చింది. తరువాత న్యాయమూర్తి దానిని దాదాపు సగానికి తగ్గించారు. ఉద్యమాన్ని నడిపినది తాము కాదని, స్థానిక తెగలేనని గ్రీన్‌పీస్ వాదన. దావా ఎవరి మీద వేశారో చూస్తే, రేపు ఇలా పోరాడే మరో ఊరికి తోడుగా వెళ్ళాలనుకునే వారిని వెనక్కి లాగడమే దీని అసలు ఫలితం అనిపిస్తుంది.

ప్రశ్న: మా పొలం మీదుగా పెట్రోలు పైపులైను వేస్తామని నోటీసు వచ్చింది. ఊరి రక్షిత నీటి పథకం బోర్లు పక్కనే ఉన్నాయి. మేము ఏం చేయగలం?
— రైతు, అనకాపల్లి జిల్లా

జవాబు: మన దేశంలో ఇది 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం కిందికి వస్తుంది. భూమి మీ పేరనే ఉంటుంది, దానిని వాడుకునే హక్కు మాత్రం వారికి వెళుతుంది. ఆ తరువాత పైపు వెళ్ళే పట్టీలో మీరు ఇల్లు కట్టకూడదు, బావి గాని చెరువు గాని తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. పరిహారం కింద నోటిఫికేషన్ నాటి మార్కెట్ విలువలో పది శాతం, పంటకూ చెట్లకూ జరిగిన నష్టం అదనంగా ఇస్తారు. అది చాలదనుకుంటే జిల్లా జడ్జి దగ్గరకు వెళ్ళవచ్చు.

నోటిఫికేషన్ వెలువడిన 21 రోజుల లోపు అభ్యంతరాన్ని సంబంధిత అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. మీ మాట వినవలసిన బాధ్యత ఆయనకు ఉంది. ఒక ఇబ్బంది ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్, అభయారణ్యాలు, జాతీయ పార్కులు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా వెళ్ళే పైపులైన్లనే ముందస్తు అనుమతి పరిధిలోకి తెచ్చింది. ఊరి తాగునీటి బోరు ఆ జాబితాలో లేదు. అందువల్ల నీటి సంగతిని మీరే అభ్యంతర పత్రంలోకి తేవాలి, ఇంకెవరూ తేరు. బోర్ల సర్వే నంబర్లు, పైపు పట్టీకి వాటి దూరం, ఆ నీరు తాగే ఇళ్ళ సంఖ్య రాయండి. గ్రామ పంచాయతీ తీర్మానం జతచేయండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం ఇంజనీరుకు ఒక ప్రతి ఇవ్వండి. పైపును బోర్ల నుంచి పక్కకు జరపమని అడిగితే వినే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నోటిఫికేషన్ దశలో దారి మార్చడం ఖర్చు తక్కువ పని, పైపు పూడ్చాక మార్చడం ఎవరి తరమూ కాదు. పత్రం ఇచ్చిన చోట తేదీ వేసిన ముద్రతో రసీదు తప్పనిసరిగా తీసుకోండి.